పారవేయుట త్యాగమా?

మన యిండ్లలో వంటగది తలుపు వెనుక మేకునకు ఒక సంచి వ్రేలాడుచుండును. అంగడినుండి వచ్చిన ప్లాస్టిక్కు సంచులన్నియు అందులో మడతలుపడి కూరుకొని యుండును. ఇంటిలోని వృద్ధురాలు కొత్తిమీర తెచ్చిన సంచిని కడిగి, తీగపై ఆరవేసి, మరునాడు దానిలోనే కరివేపాకు ఉంచును. మనుమరాలు దానిని చూచి, "అమ్మమ్మా, ఈ పాత సంచులమీద నీకింత మమకారమెందుకు? పారేస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుంది కదా!" అనును. ఇద్దఱును తమ పక్షమున ఒక్కొక్క ధర్మమును చెప్పుకొనగలరు. ఒకరిది పొదుపు, రెండవవారిది శౌచము. ఇంకను లోతుగా వాదించినచో, "అల్పవస్తువును పట్టుకొని వ్రేలాడుట బంధము, దానిని నిస్సంకోచముగా విడిచిపెట్టుట వైరాగ్యము" అని కూడ చెప్పవచ్చును.

ఇది నవ్వి త్రోసివేయదగిన వివాదము కాదు. మహత్తర సందర్భములలో మనము చూపు గుణము తఱచుగా పరుల మెప్పుచే పోషింపబడినది. ఎవరును చూడని వంటగదిలో, వెలలేని ఒక సంచి విషయమున మనము చేయు నిర్ణయమునకు అట్టి పోషణ లేదు. కావున మన స్వభావమునకు అదియే నిజమైన పరీక్ష. పారవేయువాడు త్యాగియా? దాచుకొనువాడు లోభియా? ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా విచారింతము.

మొదట మన పూర్వుల ఆచారమును చూడవలెను. పూర్వకాలమున మనవారు ఏ వస్తువును పారవేసెడివారు కాదని పలువురు తలతురు. అది సత్యము కాదు. మనవారును పారవేసిరి, ఎంతో ధారాళముగ పారవేసిరి. పెండ్లిలో వందలమంది అరటియాకులలో భుజించి, ఆకులు తీసి పెంటదిబ్బపై వేసెడివారు. మోదుగాకులతోను, మన్యపు అడవులలోని అడ్డాకులతోను కుట్టిన విస్తళ్లు ఒక్క భోజనముతో తమ పని ముగించుకొనెడివి. కుమ్మరి చేసిన మట్టిముంతను ఒకసారి వాడి పగులగొట్టుటయు కలదు. ఎంగిలి, అంటు అను భావములు బలముగా నున్న సమాజమున ఒకసారి వాడి విడుచుట శుభ్రతకు గుఱుతుగా నుండెను.

ఐనను ఆ పారవేయుటలో ఒక విశేషము గలదు. ఆకును ఆవు తినెను. మిగిలినది ఎరువై చేనికి చేరెను. ముంత పగిలి మట్టిలో మట్టి యయ్యెను. చెట్టునుండి వచ్చినది చెట్టునకు, నేలనుండి వచ్చినది నేలకు మరల చేరెను. కనుక వారు చేసినది పారవేయుట కాదు, తిరిగి ఇచ్చివేయుట. తీసికొన్న అప్పు తీర్చినట్లు అది ముగిసెడిది. చేతి అలవాటును మాత్రము మనము వారసత్వముగా పొందితిమి, వస్తువు మాఱిపోయినది. విస్తరాకును విసరివేసిన చేయియే నేడు ప్లాస్టిక్కు సంచిని విసరివేయుచున్నది. కాని దానిని స్వీకరించుటకు నేల సిద్ధముగా లేదు.

ఈ పదార్థముయొక్క పుట్టుక వినదగినది. 1933లో ఇంగ్లండునందలి నార్త్‌విచ్ పట్టణ సమీపమున ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ వారి ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అను ఇద్దఱు రసాయనవేత్తలు ఎథిలీన్ వాయువును అత్యధిక పీడనమునకు గుఱిచేయగా, వారు కోరనిదే, మైనమువంటి తెల్లని పదార్థ మేర్పడినది. అదియే పాలిథీన్. 1939 నాటికి దాని తయారీ కర్మాగారముల కెక్కెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది రేడారు తీగలకు తొడుగుగా ఉపయోగపడెను. తరువాత స్వీడనుదేశమున స్టెన్ గుస్తాఫ్ థూలిన్ అను ఇంజనీరు, ఒకే ముక్కతో పిడులు కూడ ఏర్పడునట్లు నేడు మనమెఱిగిన చేతిసంచిని రూపొందించెను. 1965లో దానికి అమెరికాలో పేటెంటు లభించెను. ఆనాడు జనులు కాగితపు సంచులకై చెట్లను నఱకుచుండిరి. ఈ సంచి తేలికయైనది, గట్టిది, మరల మరల వాడదగినది గనుక చెట్లు మిగులునని ఆయన తలంచెననియు, తాను ఎప్పుడును ఒక సంచిని మడిచి జేబులో నుంచుకొనెడివాడనియు ఆయన కుమారుడు తెలిపియున్నాడు.

ఇందులోని నీతి మనస్సునకు తగులవలసినది. వస్తువును నిర్మించినవాని సంకల్పము ఒకటి. దానిని అనుభవించినవారి నడవడి మఱియొకటి. దోషము పాలిథీన్‌లో పుట్టినది కాదు. అది నీటికి తడియదు, త్వరగా చివుకదు, బరువు మోయును. ఏండ్లకొలది మన్నగల వస్తువును అయిదు నిమిషముల పనికి వాడి విడుచుటయే అపచారము. ఆయుష్యము మిక్కిలిగా గల సేవకుని ఒక్క పూట పని చేయించి వీథిలోనికి గెంటినట్లున్నది మన వ్యవహారము.

వీథిలో దాని గతి యేమి? కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నమును సంచిలోనే ముడివేసి మనము చెత్తకుప్పలో వేయుదుము. ఆకలిగొన్న ఆవు ముడి విప్పలేదు. సంచితో సహా మ్రింగును. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థవారు వీథులలో తిరుగు ఆవులకు శస్త్రచికిత్స చేయించి, వాని కడుపులలోనుండి పదుల కిలోల ప్లాస్టిక్కును తీయించిరి. ఈ బాధను 2012లో సుప్రీంకోర్టు దృష్టికి కూడ తెచ్చిరి. గోవును పూజించు గృహమే దాని కడుపులో సంచిని నింపుచున్నదనుట వినుటకు కఠినముగా నుండును. ఐనను అది యథార్థము. మురుగుకాలువలో పడిన సంచి నీటి కడ్డుపడును. కాల్చినచో విషవాయువులు వెలువడును. ఎండలో పడియున్నచో చివికి కంటికి కానరాని తునకలగును గాని మట్టిగా మాఱదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. పారవేయుట త్యాగమగునా? త్యాగమనగా మనకు ప్రయోజనము గల దానిని ఇష్టపూర్వకముగా విడుచుట. ప్రయోజనము తీరిన పిదప విడుచుట త్యాగము కాదు. అది భోగముయొక్క చివరి అంకము. పండు తిని తొక్క విసరినవానిని ఫలత్యాగి యని ఎవరును అనరు గదా! అంగడివాడు సంచి నిచ్చునపుడు "వలదు" అనుటలో త్యాగమున్నది. ఏలయన అప్పు డది మనకు సుఖము నిచ్చునది. ఇంటికి వచ్చి వస్తువును తీసికొని సంచిని విసరుటలో త్యాగపు ఛాయ కూడ లేదు. వైరాగ్యము స్వీకరించుటకు పూర్వము పనిచేయవలసినది. స్వీకరించిన పిదప మనకు మిగులునది వైరాగ్యము కాదు, బాధ్యత.

మఱియు, పారవేయు వానికి వస్తువుపై మమకారము లేదనుటయు పూర్తిగా నిజము కాదు. వానికి పాత సంచిపై మమకారము లేదు. కొత్త సంచిపై మాత్రము ధీమా గలదు. రేపు మఱియొకటి ఉచితముగా దొరకునను నమ్మకమే నేటి ఔదార్యమునకు మూలము. ఆ నమ్మకమును తొలగించి చూడుడు: అతడే సంచిని మడిచి దాచును. కావున అది అసంగత్వము కాదు. సమృద్ధి కలిగించిన అజాగ్రత్త.

అట్లయిన దాచుకొనుట యంతయు పుణ్యమా? ఇక్కడ కూడ తొందరపడి తీర్పు చెప్పరాదు. పతంజలి యోగసూత్రములలో అపరిగ్రహము యమములలో ఒకటిగా పేర్కొనబడినది. అవసరమును మించి కూడబెట్టకుండుట దాని భావము. తలుపు వెనుక సంచిలో నూఱు సంచులు కుక్కి, వానిలో పదింటినైన ఏడాదిలో వాడనివాడు పొదుపరి కాడు. పొదుపు వేషములో నున్న పరిగ్రహి. పొదుపునకును లోభమునకును భేదము ఇక్కడనే తేటపడును. పొదుపరి వస్తువును పనిలో నుంచును. లోభి దానిని మూలలో నుంచును. "కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లలు దుడ్డులా ఉండాలి" అను సామెత అట్టివారినిగూర్చి పుట్టినదే. అయిదో ఆఱో మంచి సంచులు చాలును. అవి చెడిన పిదపనే ఆఱవదానికి చోటు. సంచులు పెరుగుచున్నచో దాచుటలో నేర్పు పెరిగినదని సంతోషింపక, వలదనుటలో నేర్పు తఱిగినదని గ్రహింపవలెను.

ఇట్టిదే మఱియొక భ్రమ గలదు. ప్లాస్టిక్కుపై విముఖత కలుగగనే కొందఱు అందమైన కొత్త గుడ్డసంచులను డజనుకొలది కొందురు. ప్రత్తి పండించుటకు నీరు, ఎరువు, పురుగుమందు కావలెను. నేయుటకును అద్దకమునకును శక్తి కావలెను. డెన్మార్కు పర్యావరణ సంస్థవారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, వాతావరణముపై పడు భారమొక్కటి చూచినను, ఒక నూలుసంచిని కనీసము 52 పర్యాయములు వాడినగాని అది సాధారణ ప్లాస్టిక్కు సంచికి సాటి రాదనియు, మిగిలిన అన్ని విధముల భారములను లెక్కించినచో ఆ సంఖ్య 7,100 వఱకు పోవుననియు తేల్చిరి. వీథులలోను సముద్రములోను సంచి చేయు కీడును ఆ లెక్కలో చేర్చలేదు. కనుక ప్లాస్టిక్కే మేలని దీని యర్థము కాదు. కొనుట చేత ఎవరును మితవ్యయులు కాజాలరని మాత్రము దీని యర్థము. చిరిగిన పంచెతోను, వెలిసిన చీరతోను ఇంట కుట్టుకొన్న సంచి శ్రేష్ఠము. ఏలయన దానికొఱకు కొత్తగా ఏదియు పుట్టలేదు. గాంధీమహాత్ముడు తనకు వచ్చిన ఉత్తరముల వెనుకభాగముపైనను, కవరులను విప్పి వాని లోపలి వైపునను వ్రాసికొనెడివాడు. ఆయన పొదుపుకొఱకు ప్రత్యేకముగ ఏ సామగ్రియు కొనలేదు. చేతిలో నున్నదానినే పూర్తిగా వాడెను.

ఇక శౌచము మాట. పతంజలియే శౌచమును నియమములలో మొదటిదిగా చెప్పెను. పొదుపు పేర ఇంటివారి ఆరోగ్యమును చెఱచుట ధర్మము కానేరదు. పచ్చిమాంసము, చేపలు, గ్రుడ్లు ఉంచిన సంచిని ఆహారమునకు మరల వాడరాదు. నూనె, పచ్చడి అంటి జిడ్డు వదలనిది, బూజు వాసన వచ్చునది, చీలినది చెత్త ఎత్తుటకే తగును. రంగుల సంచులను ఆహారము నిలువయుంచుటకు ఉపయోగింపకుండుటయే క్షేమము. పప్పులు, అటుకులు, రొట్టె, ఆకుకూర ఉంచిన మంచి సంచిని తిరుగవేసి గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, మూలలలో చెమ్మ లేకుండ ఆరవేసినచో నిశ్చింతగా మరల వాడుకొనవచ్చును. ఎంత మంచి సంచియైనను అందులో పొగలు గ్రక్కు సాంబారును, కూరను పోయరాదు. పాలపాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించినచో ఆ చిన్న తునక ఎవరికిని దొరకక కాలువపా లగును; అంటియుండునట్లు కోసినచో పాకెట్టుతో పాటు పాతసామానుల వానికి చేరును.

పొదుపు పేర చేయు మఱియొక పొరపాటు పాత వార్తాపత్రికలో ఆహారమును చుట్టుట. అచ్చుసిరాలోని హానికర పదార్థములు వేడి బజ్జీకి, నూనె గారెకు అంటును. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారు 2018 నాటి తమ నిబంధనలలో దీనిని నిషేధించిరి. కాగితము మిగిలిన ఆనందముకంటె దేహమునకు కలుగు నష్టము పెద్దది.

ఇంతవఱకు సంచినిగూర్చి విచారించితిమి. ఇక దానిని కడుగు చేతినిగూర్చి విచారింపవలెను. చాల యిండ్లలో పొదుపునుగూర్చి ఉపన్యసించునది ఒకరు, తొట్టివద్ద నిలిచి సంచులను తిరుగవేసి కడుగునది మఱియొకరు. భర్త సిద్ధాంతము భార్యకు చాకిరియైనప్పుడు, అత్తగారి నియమము కోడలికి దండనయైనప్పుడు, యజమానురాలి నిష్ఠ పనిమనిషికి జీతము లేని అదనపు పనియైనప్పుడు దానిని మితవ్యయమనుట తగదు. సంచి వెల మిగిలినది. మనిషి శ్రమ ఖర్చయినది. పరుని శ్రమను లెక్కింపని పొదుపు పరోక్షమైన దోపిడియే. ఎవడు ఈ నియమమును కోరునో వాడు మొదట తన చేతితో కడుగవలెను. అప్పుడు రెండు ఫలములు కలుగును: ఇంటివారికి బోధ అక్కఱలేకయే విషయము తెలియును, తనకు కడుగుటలోని కష్టము తెలిసి, అంగడిలో "వలదు" అనుట సులభమగును.

ఇంతకంటె సూక్ష్మమైన విషయ మొకటి గలదు. మిగిలిన అన్నమును, కూరను పనిమనిషి కిచ్చునపుడు మనము ఏ సంచిలో పోసి ఇచ్చుచున్నాము? తన బిడ్డ భోజనమును ఉంచుటకు జంకు పాత సంచిలో పరుల బిడ్డ భోజనమును పోయువారు లేకపోలేదు. గీతయందు దానము మూడు విధములుగా చెప్పబడినది. ఆదరము లేక, అవజ్ఞతో నిచ్చునది తామసమని అచ్చట నిర్ణయము. ఆ యవజ్ఞ మాటలోనే యుండ నక్కఱలేదు, పాత్రలో నుండవచ్చును. ఇచ్చునపుడు మూతగల గిన్నెలో ఇచ్చి, "మళ్లీ వచ్చేటప్పుడు గిన్నె తెచ్చిపెట్టమ్మా" అనుట మేలు. ఇరువురి నడుమ నమ్మకము పెరుగును. సంచి అక్కఱయే లేకపోవును. తనకు పనికిరాదని తలచిన సంచి ఇతరులకును పనికిరాదు: ఈ యొక్క నియమము పాటించినచో పొదుపు ఎన్నటికిని లోభము కాజాలదు.

మన వంటయిండ్లలో సంచికి బదులుగా ఉపయోగపడునవి తక్కువ కాదు. స్టీలు డబ్బాలు తరములు మన్నును. ఆవకాయ జాడీకి సాటి వచ్చు నిలువపాత్ర నేటికిని లేదు. కరివేపాకును, కొత్తిమీరను పలుచని తడిబట్టలో చుట్టి డబ్బాలో నుంచిన చాలదినములు వాడవు. ఎండిన వేపాకు వేసిన పప్పుల డబ్బాకు ప్రత్యేకపు తొడుగు లక్కఱలేదు. కర్రీ పాయింటునకు పోవునపుడు పాత కేరేజీని తోడు తీసికొనిపోయినచో, వేడికూర పలుచని సంచిలో పోయించుకొను ప్రమాదము తప్పును. శుభకార్యములకు విస్తళ్లు కొనునపుడు ఆకుపై ప్లాస్టిక్కు పొర అంటించినవి కావని చూచుకొనవలెను. లేనిచో ఆకు పేరు మాత్రమే మిగులును.

"కర్మాగారములు కోట్లకొలది సంచులు చేయుచుండగా నేనొక్కడను నాలుగు సంచులు మిగిల్చిన లోకమున కేమి?" అని కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. చట్టము చేయవలసిన పని చట్టము చేయవలెను. మన దేశమున 2021లో సవరింపబడిన నిబంధనల ప్రకారము 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్కు వస్తువులు నిషేధింపబడినవి. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి చేతిసంచి మందము 120 మైక్రాన్లకు తగ్గరాదని నిర్ణయింపబడినది. దళసరి సంచి మరల వాడుటకు అనుకూలించును, ఏరుకొనువారికి వెల పలుకును. కాని చట్టము సంచి మందమును కొలువగలదు. వాడువాని మనస్సును కొలువలేదు. దళసరి సంచిని కూడ ఒకసారి వాడి విసరినచో, చట్టము మనచే మఱింత ప్లాస్టిక్కును పారవేయించిన దగును. ఉత్పత్తిదారుని బాధ్యత మన బాధ్యతను తగ్గింపదు. మన పొదుపు వాని దోషమును కడుగదు. రెండును వేఱువేఱు ఋణములు. ఎవరి ఋణము వారే తీర్పవలెను.

ఇక లోకమునకు కలుగు లాభము స్వల్పమైనను, మనకు కలుగునది స్వల్పము కాదు. వస్తువును చేతిలోనికి తీసికొనునపుడే దాని అంతమును తలచుకొను మనస్సు క్రమముగా మాటను పలుకునపుడును, ధనమును వ్యయపఱచునపుడును, కోపము వచ్చినపుడును దాని అంతమును తలచుకొన నేర్చును. ఐతే ఒక్క హెచ్చరిక అవసరము. పొదుపు కూడ అహంకారమునకు ఆహారము కాగలదు. తన గుడ్డసంచిని ధ్వజమువలె పట్టుకొని, ఎదుటివాని చేతిలోని ప్లాస్టిక్కు సంచిని చూచి ముఖము చిట్లించువాడు ఒక చెత్తను విడిచి మఱియొక చెత్తను పోగుచేసికొన్న వాడగును. ఆ పేదకూలి సంచిని ఫ్యాషనుకై వాడుట లేదు. దానినే కడిగి మరునాడు సద్ది కట్టుకొనును. మనము విచారించి అలవఱచుకొనదలచిన నియమమును అతడు పేరు పెట్టకయే పాటించుచున్నాడు.

కావున గృహస్థునకు క్రమము ఇట్లు ఏర్పడుచున్నది. అక్కఱలేనిదానిని గడప దాటి లోనికి రానీయకుండుట మొదటి మెట్టు. వచ్చినదానిని శుభ్రముగా, గౌరవముగా, దాని శక్తి తీరువఱకు వాడుట రెండవది. శక్తి తీరినదానిని, నేల స్వీకరించునదైన నేలకు, కానిదైన దానిని మరల కరగించి మలచువారికి, తడిచెత్త కలియకుండ, అప్పగించుట మూడవది. ఈ మూడింటిలో త్యాగమను పేరునకు తగినది మొదటిది మాత్రమే. రెండవది శ్రద్ధ. మూడవది ఋణవిముక్తి. వీనిలో దేనికిని చెందనిది పారవేయుట.